కత్తిపీట యెదుట బెదరనేల?

కూరగాయను చిన్నది చేయుటకు మన భాషలో ఒక్క మాట చాలలేదు. వంకాయను కోయుదుము, తోటకూరను తరుగుదుము, కొబ్బరిని కోరుదుము, క్యారటును తురుముదుము, అరటికాయకు చెక్కు తీయుదుము, ఆవకాయకై మామిడికాయను కొట్టుదుము. ఇన్ని పనులకు ఇన్ని పనిముట్లు ఏర్పడినవి. ఒక్కొక్క పనిముట్టునకు ఒక్కొక్క చేతివాటము కలదు. అయినను అన్నము వండుట, పోపు పెట్టుట నేర్పినట్లుగా ఈ చేతివాటమును ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పు తల్లులు అరుదు. పిల్ల కత్తిపీట దగ్గరకు వచ్చినంతనే "చేయి తెగును, ఇటు తే!" యని లాగికొందుము. పదునెనిమిదేండ్లు అట్లు లాగికొని, పెండ్లియైన మరునాడు "దీనికి వంకాయ కోయుట గూడ రాదమ్మా" యని నవ్వుదుము. ఇందు తప్పెవరిది? ఇక మగపిల్లవాని సంగతి చెప్పనే యక్కరలేదు. వాడు పరదేశమునకు పోయి ఒంటరిగా వండుకొనవలసి వచ్చినప్పుడు గాని, తనకు ఉల్లిపాయ తరుగుట రాదని వానికే తెలియదు.

దీని ఫలితము నేడు అనేక గృహములలో కాననగుచున్నది. కానుకగా వచ్చిన స్లైసరు పెట్టె విప్పకయే అటకపై నుండును. అమ్మమ్మగారి నాటి కోరాము త్రుప్పుపట్టి మూలబడును. తరిగిన కూరలను, కోరిన కొబ్బరి పొట్లములను అంగడినుండి తెచ్చుకొందురు. తెచ్చుకొనుటలో దోషమేమియు లేదు. ఉదయము ఎనిమిది గంటలకెల్ల ఉద్యోగమునకు పరుగెత్తవలసిన స్త్రీకి అవి యెంతయో మేలు చేయుచున్నవి. కాని తీరిక లేక కొనుట వేరు, బెదరి కొనుట వేరు. బెదరిన చేయి వణకును. వణకు చేయియే తెగును. అట్లని మెరుపువలె తరుగుచు పొరుగువారిని మెప్పించుటయు ధైర్యము కాదు. భయపడువారికిని, భయమన్నదే యెరుగనివారికిని, ఇరువురికిని పనికివచ్చు సంగతులే ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట గ్రహింపవలసిన దొకటి కలదు. చాకుతో కోయునప్పుడు కాయ పలకపై కదలక యుండును, చాకు కదలును. కావున చూపు చాకుపై నిలుపుదుము. కత్తిపీట, కోరాము, తురుముపీట, స్లైసరు అను నాలుగింటి విషయమున ఇది తలక్రిందులు. అలుగు కదలక నిలిచియుండును. కాయ కదలును, దానితోపాటు మన చేయి కదలును. కత్తి మనపైకి వచ్చుట లేదు, మనమే కత్తిపైకి పోవుచున్నాము. చాకునకు అలవాటుపడినవారు ఈ భేదమును గుర్తింపక అలుగునే చూచుచు కూర్చుందురు. అలుగు ఎచ్చటికిని పోదు గదా! చూడవలసినది చేతిని. "ఈ ముక్క హఠాత్తుగా తెగి, నా చేయి ఆగక ముందునకు సాగినచో, అది యెచ్చటికి చేరును?" అను ప్రశ్నను ఏ పనిముట్టు ముందు కూర్చున్నను మొదట వేసికొనవలెను. చేయి గాలిలోనికి పోవునట్లయిన పని మొదలు పెట్టవచ్చును. వాదరపైకి పోవునట్లయిన కాయను పట్టిన తీరు మార్చుకొనవలెను. ఈ ప్రశ్న అలవడినవారికి తక్కిన దంతయు అభ్యాసమే.

కత్తిపీట మన యొక్కరి సొత్తు కాదు. తమిళులు అరివాళ్‌మణై యందురు, కన్నడిగులు ఈళిగెమణె యందురు, మహారాష్ట్రులు విళీ యందురు, వంగదేశీయులు బొంటి యందురు. వంగదేశమున పెద్ద పెద్ద చేపలను సైతము దీనిపైననే కోయుదురు. ఎచ్చట చూచినను ఏర్పాటు ఇంచుమించుగా ఒక్కటే: క్రింద పీట, దానిపై నిలిచిన వంపుటలుగు, వాదర కోయువారి వైపునకు తిరిగియుండును. కొన్నిటి కొనయందు కొబ్బరి కోరుటకై పండ్ల బిళ్ల యుండును.

దీనికి ప్రథమ నియమము, పీట కదలకుండుట. నేలపై కూర్చుండి, ఒక కాలు మడిచి, పీటను ఆ కాలిక్రింద గట్టిగా అదిమిపట్టవలెను. కూర్చుండుటకు ఓపిక లేక వంటగట్టుపై పీట నుంచి నిలుచుండి కోయువారిని చూచినప్పుడు నాకు గుండె ఝల్లుమనును. పీట నేలపై మన బరువుచేత నిలుచునట్లు చేయబడినది. గట్టుపై దానిని పట్టువారెవ్వరు? గట్టునకు మరతో బిగించు కత్తిపీటలు దొరకుచున్నవి. నిలుచుండి కోయదలచినవారు అట్టివానినే కొనవలెను.

ఇక చేతుల సంగతి. పెద్ద కాయనైనచో రెండు చేతులతో పట్టి, అలుగు ఆ రెండు చేతుల నడుమ నుండి పోవునట్లు కాయను ముందునకును కొంచెము క్రిందికిని నడపవలెను. బొటనవ్రేళ్లు అలుగునకు చెరియొక ప్రక్కన నుండవలెను. దానికి ఎదురుగా నుండరాదు. గుమ్మడికాయ, కంద వంటి గట్టివానిని ఒక్క త్రోపుతో చీల్చవలెనని బలమంతయు చూపుట ప్రమాదకరము. సగము తెగినంతనే మిగిలిన సగము తటాలున విడిపోవును. బలముతో వచ్చుచున్న చేయి ఆగదు. అట్టివానిని కొంచెము కొంచెముగా త్రిప్పుచు చుట్టును గాటు పెట్టుకొని రావలెను. బెండకాయ, బీరకాయ వంటి వానిని ఒక చేతితో నడపి, తెగిన ముక్కలను రెండవచేతితో అందుకొందురు. అందుకొను చేయి అలుగునకు అవతలనే యుండవలెను.

అలుగునకు వంపు ఏల యుంచిరో యోచించినవారికి మరియొక మర్మము తెలియును. పండిన టమాటపై కత్తిని నిలువుగా నొక్కినచో పండు చితుకును. అదే కత్తిని లాగుచు నొక్కినచో తొక్క సుళువుగా తెగును. కాయను వంపు వెంబడి జార్చుచు త్రోసినప్పుడు కత్తిపీట మనకు ఆ లాగుటను తానే సమకూర్చుచున్నది. స్లైసరులో అలుగును ఏటవాలుగా అమర్చుటకును కారణమిదియే. కావున ఈ పనిముట్లకు కావలసినది జారుడు గాని బలము కాదు. బలము పెట్టవలసి వచ్చుచున్నదనిన అలుగు మొద్దువారినదన్నమాట. మొద్దు కత్తి మేలు, చేయి తెగదని యనుకొనుట వట్టి భ్రమ. మొద్దు కత్తి కాయపై పట్టుదొరకక జారును, జారినప్పుడు మన బలమంతయు దానివెంట పోవును. చీరకు గంజి పెట్టించినంత శ్రద్ధతోనైనను సాన పట్టువానిని అప్పుడప్పుడు పిలువవలదా?

నేర్చుకొనువారు ఏ కాయతో మొదలుపెట్టవలెనను ప్రశ్న చిన్నదిగా తోచును గాని చాల ముఖ్యమైనది. క్యారటు చవుకగా దొరకునని దానితో మొదలుపెట్టుదురు. అది గట్టిది, గుండ్రనిది, దొరలునది. మొదటి దినమునకు అంతకంటె చెడ్డ గురువు లేదు. మెత్తనై, పట్టుటకు తగినంత పొడవుగల లేత సొరకాయ ముక్కతో గాని, కీరదోసకాయతో గాని మొదలుపెట్టుడు. పిమ్మట బెండకాయ, బీరకాయ. పిదప బంగాళాదుంప, దానిని ముందు రెండు చెక్కలుగా చేసినచో సమతలమైన ముఖ మేర్పడి దొరలదు. ఉల్లిపాయను నడిమి భాగమున ఆపుడు. కండ్ల నీళ్లు తిరుగునప్పుడు చేయి చూడజాలము. క్యారటు, బీటుదుంప, కంద చివరకు. వారమునకొక కాయ చొప్పున సాగినను రెండు నెలలలో కత్తిపీటతో స్నేహము కుదురును. వేగము దానంతట అదియే వచ్చును. వేగమునకై ప్రయత్నించువారికి వచ్చునది గాటు మాత్రమే.

ఎడమచేతివాటము గల పిల్లలను కుడిచేతితోనే కోయుమని కొట్టి తిట్టు పెద్ద లింకను కొందరున్నారు. పుట్టుకతో వచ్చిన వాటమును మార్చబోయి పిల్ల వ్రేలికి ఎసరు పెట్టుట ఏమి పెద్దరికము? కత్తిపీట రెండు చేతులకును సమానమే.

మన వంటలకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. అరటికాయ జిగురు, పనసకాయ పాలు, కంద దురద, వీనికి మన పూర్వులు కనిపెట్టిన విరుగుడు చేతులకు నూనె రాచుకొనుట. గోదావరి సీమలో పనసపొట్టు కొట్టువారు నూనెగిన్నె లేనిదే పని మొదలుపెట్టరు. విరుగుడు మంచిదే, కాని నూనె చేతినుండి కాయ జారును. ఇందులకు ఉపాయము, నూనెను అలుగునకు ఎక్కువగాను, అరచేతులకు పలుచగాను రాచి, వ్రేళ్ల కొనలను పొడిగుడ్డతో తుడిచికొనుట. కాయను పట్టు చేతిలో ముతకగుడ్డ ముక్క నుంచుకొనుట మరియు మేలు. కందకైనచో పలుచని రబ్బరు తొడుగులు వేసికొనవచ్చును. అవి దురదను ఆపును గాని కత్తిని ఆపజాలవని మరువరాదు.

కోరాము విషయమున జనులు భయపడు చోటొకటి, ప్రమాదముండు చోటు వేరొకటి. పండ్ల బిళ్లను చూచి బెదరుదురు. చిప్ప నిండుగా నున్నంతసేపు ఆ పండ్లు కొబ్బరిలోననే యుండును, చేతికి తగులవు. చిప్ప ఖాళీయగు కొలదిని ప్రమాదము పెరుగును. అంచు పలుచనై, బిళ్ల అంచు దాటి జారి, అంచును పట్టుకొన్న వ్రేలిని గీరును. కావున చిప్పను అంచున పట్టరాదు. గిన్నెను పట్టినట్లు వెలుపలి బుర్రను అరచేతులతో పొదివిపట్టి, వ్రేళ్లను వెనుకకు ఉంచి, కొద్దికొద్దిగా త్రిప్పుచు కోరవలెను. పట్టు దొరకుటకు చిప్ప వెలుపలి పీచును పూర్తిగా గీకివేయక కొంచెము ఉంచుట మంచిది. గోధుమవన్నె పొర కనబడినంతనే ఆపవలెను. ఆపై కోరినది పచ్చడికి రంగు చెరచును, వ్రేలికి రక్తము రప్పించును. బల్లకు అంటుకొని నిలిచి, పిడి త్రిప్పగా కోరు యంత్రములు ఇప్పుడు వచ్చినవి. అవియు మంచివే, ఐతే ఒక చేయి పిడిని త్రిప్పుచుండగా రెండవచేయి చిప్పను పండ్లపైకి అదుముచుండును. పిడి త్రిప్పు పని పిల్లలకిచ్చి చిప్ప తాను పట్టుకొను తల్లి, తన వ్రేళ్లను పిల్లవాని యుత్సాహమునకు అప్పగించుచున్నదన్నమాట.

ఆవకాయ కత్తిని గూర్చి రెండు మాటలే. దిమ్మకు ఒక కొన బిగించి, రెండవ కొన పిడిగా నుండు ఆ బరువైన కత్తి టెంకను సైతము చీల్చునంతటిది. ఇచ్చట మాత్రము అలుగు కదలును, కాబట్టి పైన చెప్పిన సూత్రము మారును. కాయ నుంచు చేయియు కత్తి దింపు చేయియు ఒకే మనిషివై యుండవలెను. ఒకరు కాయలందించుచు, ఒకరు కొట్టుచు, మూడవవారు ముచ్చటలు చెప్పుచు సాగించు ఆవకాయ పండుగ చూచుటకు ముచ్చటే గాని, రెండు మనసులు ఒక్క కత్తిని నడపజాలవు. అలవాటు లేనివారు కాయలను అంగడియందే కొట్టించుకొని వచ్చుట వివేకము. ఇందులో చిన్నతన మేమియు లేదు.

ఇక తురుముపీట. నాలుగు ముఖముల డబ్బావంటిది యైనను, పిడిగల పలక యైనను, ఇది వ్రేలిని లోతుగా కోయదు, కణుపులను గీరును. గాయము చిన్నదే యైనను చర్మము చెదరిపోవుటచేత మానుటకు దినములు పట్టును. నిమ్మకాయ, ఉప్పు, కారము ముట్టుకొన్నప్పుడెల్ల ప్రాణము లేచిపోవును. తురుముపీటకు క్రింద తడిగుడ్డ పరచినచో అది జారదు. ముక్కను వ్రేళ్ల కొనలతో గిల్లి పట్టక, పొడవుగా నున్నంతసేపు పిడికిట పట్టి, పొట్టియైన పిమ్మట అరచేతిని చదునుగా నుంచి, వ్రేళ్లు పైకెత్తి త్రోయవలెను. క్రిందికి త్రోయునప్పుడే అదుము, పైకి తెచ్చునప్పుడు తేలిక. ఈ లయ తప్పినచోటనే కణుపులు తగులును. అల్లమును తురుమువారు పీచు వెంబడి గాక పీచునకు అడ్డముగా తురుమవలెను. అప్పుడు బలము తక్కువ చాలును, గుజ్జు ఎక్కువ వచ్చును.

ఈ సందర్భమున ఒక వింత చెప్పక తప్పదు. నేడు ప్రపంచమంతట నిమ్మతొక్క, అల్లము, జాజికాయ తురుముటకు వాడు సన్నని పొడవాటి మైక్రోప్లేన్ తురుముబద్ద మొదట వంటింటిది కాదు. అది కొయ్యపని వారికై అమెరికాలో చేసిన ఆకురాయి. 1994వ సంవత్సరమున కెనడా దేశమున ఒట్టావా నగరమందలి ఒక గృహిణి, నారింజ కేకు చేయుచు, తన తురుముపీట పనిచేయక విసిగి, భర్త తెచ్చిన ఆ వడ్రంగి పనిముట్టుపై నారింజపండును రాచి చూచినది. తొక్క మంచుపొడివలె రాలినది. వారు పనిముట్ల వ్యాపారులు గనుక తమ పట్టికలో ఆ సంగతిని చేర్చిరి. వడ్రంగి యింటి వస్తువు వంటింటికి వచ్చి నిలిచినది. పనిముట్టును చూచి బెదరక, అది యేమి చేయగలదో అని యోచించిన స్త్రీ చేతిలో అట్టి మార్పు జరిగినది. మన వెనుకటివారును కత్తిపీట కొననే కోరాముగా మలచిన రనుట మరువరాదు.

అన్నిటికంటె ఎక్కువమంది భయపడునది స్లైసరు. దీనినే మాండొలిన్ అనియు అందురు. ఏటవాలు పలక, నడుమ అడ్డముగా అలుగు, ముక్క మందము మార్చుటకు ఒక మర. అరటికాయ, ఆలుగడ్డ వేపుడు చక్రములు దీనిపై చేసినంత సమానముగా ఏ చేయియు చేయజాలదు. ముక్కలన్నియు ఒకే మందమున నున్నచో అన్నియు ఒకేసారి వేగును. కొన్ని మాడి కొన్ని మెత్తబడుట యుండదు. ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు మందము చిప్సునకు, మూడు మిల్లీమీటరులు కూరకు సరిపోవును. ఇంతటి మేలు చేయు వస్తువే క్షణములో వ్రేలికొనను చక్రముగా కోయగలదు. ఏలయన, దీనిపై పని అతి సుళువు. సుళువైన పనిలో చేయి తనంతట తాను వేగము హెచ్చించుకొనును. కాయ తరిగిపోవుచున్నదన్న సంగతి మనసునకు ఆలస్యముగా చేరును.

అందుచేత దీనిని నేర్చుకొనువారు మొదటి దినమున కూరగాయ లేకయే నేర్చుకొనవలెనని నా మతము. పలకను తడిగుడ్డపై నిలిపి, అలుగును మరతో పూర్తిగా మూసి, దానితో వచ్చిన చేతిరక్షను పట్టుకొని, పైకి క్రిందికి ఇరువదిమారులు నడపి చూడుడు. చేతిరక్ష యనగా ముండ్లుగల చిన్న పిడి. కాయను అది పొడిచి పట్టును, మన వ్రేళ్లు దాని వెనుక దాగును. చాలమంది దీనిని అడ్డమని తలచి పెట్టెలోననే విడిచి, అలుగును మాత్రము వాడుదురు. ఆ రక్షకు చేయి అలవాటుపడిన పిదప కాయను ఒక ప్రక్క చదును చేసి, ఆ ముఖమును అలుగుపై నుంచి మొదలుపెట్టవలెను. అదుము తగుమాత్రము, నడక ఏకరీతిగా. ముక్క అలుగులో చిక్కుకొన్నచో దానిని చేతితో ముందునకు నెట్టరాదు. వెనుకకు తీసి, అలుగునకు అంటినదానిని పుల్లతో తొలగించి, మరల మొదలుపెట్టవలెను. వేపుడునకు వేడివేడి నూనెపైననే స్లైసరు పట్టి చక్రములు రాల్చు అలవాటు వంటవాండ్ర చేతులలో చూచి కొందరు ఇంట అనుకరించుచున్నారు. ఆవిరి, చిందు నూనె, పదునైన అలుగు మూడును ఒక్కచోట చేర్చుట గృహిణులకు తగదు. తడిలేని బట్టపై చక్రములు పరచుకొని, పిదప నూనెలో వేసినను కరకర తగ్గదు.

కత్తి కోతను తట్టుకొను నూలుతో అల్లిన చేతితొడుగులు ఇప్పుడు అంగళ్లలో దొరకుచున్నవి. స్లైసరుతో పనిచేయు చేతికి అవి మంచి కవచములు. వాదర గీతను ఆపును గాని మొనపోటును ఆపలేవు, తడిసినచో జారును. అవి చేతికి ఒదిగియుండవలెను గాని వదులుగా వ్రేలాడరాదు.

చివరి ముక్కను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. చేతులు తెగునది తరచుగా కాయ చివరనే. దీనికి కారణము మన పొదుపు. బంగాళాదుంప చిన్న బిళ్లయై మిగిలినప్పుడు, "ఇంకను రెండు చక్రములు వచ్చును గదా" యను నాశ పుట్టును. వస్తువును వ్యర్థము చేయరాదని పెంచబడిన మన చేతులకు ఆ బిళ్లను విడుచుట పాపమువలె తోచును. రెండు వ్రేళ్ల మందము మిగిలినంతనే ఆపుట అలవాటు చేసికొనుడు. ఆగుట నేర్చినవారికే ఈ పనిముట్టు లొంగును. మిగిలిన బిళ్లలను ఒక గిన్నెలో వేసికొనుచు పోయినచో అవి పప్పులోనికో పులుసులోనికో పనికివచ్చును. క్యారటు మొదళ్లు చారులో ఉడుకును. కొబ్బరి చిప్పకు అంటుకొన్న పలుచని పొరను చాకుతో ఊడదీసి మిక్సీలో వేయవచ్చును. పొదుపునకు లోటు రాదు. వ్రేలికి కట్టు కట్టించుకొని వచ్చిన మందుల ఖర్చుతో ఎన్ని వీశెల బంగాళాదుంపలు వచ్చునో లెక్కవేసి చూడుడు!

మధుమేహమున్న సోదరీమణులకు ఇచ్చట ఒక హెచ్చరిక. ఆ వ్యాధి చిరకాలమున్నవారికి నరముల స్పర్శ మందగించును. అది తరచు పాదములలో మొదలై కొందరికి చేతులకును ప్రాకును. వ్రేలు అలుగునకు తగిలినను వెంటనే తెలియకపోవచ్చును. గాయమును ఆలస్యముగా మానును. రక్తము పలుచబడుటకు మందులు పుచ్చుకొనువారికి చిన్న గాటైనను ఎక్కువసేపు కారును. వీరు చేతిరక్షను, కవచపు తొడుగును తప్పక వాడవలెను. కీళ్లనొప్పులవలన పిడికిలి బిగింపలేనివారు లావుపాటి మెత్తని పిడిగల పనిముట్లను ఎన్నుకొనవలెను. 1990లో అమెరికాలో అట్టి పిడులతో పీలరు మొదలైన సామగ్రిని అమ్మకమునకు తెచ్చిన వ్యాపారి, కీళ్లవాతముతో బాధపడుచున్న తన భార్య చేతికి మామూలు పిడి పట్టుబడకుండుట చూచియే ఆ యోచన చేసెను. మోకాళ్లు వంగని పెద్దవారు నేలపై కత్తిపీట ముందు కూర్చుండవలెనని పట్టుపట్టుట అనవసరము. బల్లయెదుట కుర్చీలో కూర్చుండి, తడిగుడ్డపై పలక నుంచి చాకుతో కోసినను కూర రుచి మారదు.

ఎంత జాగ్రత్తపడినను ఏనాడో ఒకనాడు వ్రేలు తెగవచ్చును. అప్పుడు కంగారుపడి పసుపో కాఫీపొడియో కూరుట మన యిండ్లలో వాడుక. అవి గాయములోనికి మలినమును చేర్చును. వైద్యుడు గాయమును చూచుటకును అడ్డమగును. చేయవలసినది సులభము. ధారగా పడు మంచినీటితో గాయమును కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషములు ఎడతెగక అదిమిపట్టి, చేతిని గుండెకంటె ఎత్తుగా నుంచవలెను. నిమిషమునకొకసారి విప్పి చూచుట మానవలెను. విప్పినప్పుడెల్ల గడ్డకట్టిన నెత్తురు కదలిపోవును. పది నిమిషములకును ఆగకున్నను, గాయపుటంచులు తెరచుకొనియున్నను, వ్రేలు మొద్దుబారినను, వంగకున్నను వైద్యునికడకు పోవలెను. వ్రేలికొన తెగిపడినచో దానిని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని మంచునీటిలో నుంచి వెంట తీసికొనిపోవలెను. మంచుగడ్డపై నేరుగా పెట్టరాదు. టెటనస్ సూది వేయించుకొని పదేండ్లు దాటినను, గాయము లోతుగానో మలినముగానో యున్నప్పుడు అయిదేండ్లు దాటినను మరల వేయించుకొనుట అవసరమగును. ఇంటిల్లిపాదికిని ఆ సూది యెప్పుడు వేయించితిమో ఒక పుస్తకములో వ్రాసి యుంచుకొన్న గృహిణి, ఆ దినమున తడబడదు.

పిల్లలకు నేర్పుటను గూర్చి. ఎనిమిదితొమ్మిదేండ్ల పిల్లకు గాని పిల్లవానికి గాని పెద్ద క్యారటు నిచ్చి తురుముపీటపై సగము వరకు తురుమనిచ్చి, మిగిలిన సగము తల్లి తురుమవచ్చును. ఇందువలన "సగములో ఆపుట" యను గొప్ప పాఠము ఆటవలె వచ్చును. పండ్రెండేండ్లు దాటిన పిమ్మట కత్తిపీట. స్లైసరు అన్నిటికంటె చివర. నేర్పునప్పుడు ఎదురుగా కూర్చుండుటకంటె ప్రక్కన కూర్చుండుట మేలు. ఎదుటనున్నచో కుడియెడమలు తారుమారగును. చేయి తప్పుగా పెట్టినప్పుడు అరవరాదు. అరుపునకు ఉలికిపడిన చేయియే అలుగుపై పడును. "ఆగు" అని మెల్లగా ఒక్క మాట చెప్పి, ఆగిన పిదప సరిదిద్దవలెను. నేర్పు గడియలలో ఫోను మ్రోగినను పలుకకుండుట, పొయ్యిపై పాలు పెట్టకుండుట తల్లి వంతు నియమములు.

పనియైన పిదప ఈ వస్తువులను నీటి తొట్టిలో నురుగు క్రింద ముంచియుంచుట అత్యంత ప్రమాదకరము. గిన్నెలు తోముటకు వచ్చిన మనిషి ఏమియు ఎరుగక చేయి పెట్టును. మన పొరబాటునకు ఆమె వ్రేలు తెగుట న్యాయమా? స్లైసరును వాడిన వెంటనే ధార క్రింద కడిగి, అలుగు మూసి, పొడిగా తుడిచి, పెట్టెలో పెట్టవలెను. తురుముపీట రంధ్రములను వ్రేళ్లతో తుడువక వెనుకవైపునుండి కుంచెతో రుద్దవలెను. ఇనుప కత్తిపీటను తడి లేకుండ తుడిచి రెండు చుక్కల నూనె రాచినచో త్రుప్పు పట్టదు. మడత అలుగైనచో మడిచి, నిలువుటలుగైనచో ప్రక్కకు పరుండబెట్టి, వాదర గోడవైపునకు త్రిప్పి యుంచవలెను. నిలబెట్టి వదలరాదని మన పెద్దలు గద్దించుటకు చీకటిలో తిరుగు పసిపిల్లల పాదములే కారణము. విదేశములలోని కూతుండ్రకు కత్తిపీటను, కోరామును పంపు తల్లులు వానిని విమానములో చేతిసంచిలో పెట్టనీయరని గుర్తుంచుకొని, అలుగును మందపాటి అట్టతోను గుడ్డతోను చుట్టి, తాళ్లతో కట్టి, సామానుపెట్టెలో అడుగున సర్దవలెను. పెట్టెను తెరచువారి కెరుకయగునట్లు పైన "కత్తి యున్నది" అని వ్రాసిన కాగితము నొకటి అంటించుట మంచిది.